స్పీడ్‌బోటు ఎక్కుదాం, తలలు మాత్రం లెక్కపెట్టి



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో జనవరి అండమాన్ యాత్ర మాట వచ్చింది. మన పిల్లలు ఒక ప్లాను తెచ్చినారు. ఒక రోజంతా ప్రైవేటు స్పీడ్‌బోటు మాట్లాడుకోవడం, మూడు దీవులు చుట్టడం, బీచిలో స్నానం, స్నార్కెలింగు, సాయంత్రానికి తిరిగి జెట్టీకి రావడం. అంతే, సభ రెండుగా చీలిపోయింది. ఒక పక్క "అరవై దాటినవాళ్ళకు స్పీడ్‌బోటు ఎందుకు, గవర్నమెంటు ఫెర్రీ చాలదా" అన్నారు. ఇంకో పక్క "జన్మలో ఒకసారి పోయేదానికి పిసినారితనమా" అన్నారు. కాఫీలు చల్లారినాయి గానీ తీర్మానం కాలేదు. అందుకని మా అభిప్రాయం ఇక్కడ పెడుతున్నాము. మేము అంటే మా ఇద్దరి మాటా అనుకోండి, ఇంటావిడ పక్కన కూర్చుని ఒక్కో వాక్యం దిద్దుతా ఉంది. తమిళ మీడియంలో చదివి, రిటైరైనాక సంఘం క్లాసులో గుణింతాలు దిద్దినవాళ్ళం. పొడుగ్గా రాసినా ఓపికగా చదవండి.

ముందే చెప్పేస్తాము. స్పీడ్‌బోటు మాట్లాడుకోవడం తప్పు కాదు, ఆడంబరం అంతకన్నా కాదు. పోదాము. అయితే మూడు దీవులు వద్దు, ఒకటి చాలు. ఎంతమంది ఎక్కాలన్నది మాత్రం ఆ పొద్దు జెట్టీలో కాదు, ఇక్కడే, ఇప్పుడే తేల్చుకోవాలి.

కొన్నేళ్ళ కిందట మేము చెన్నై నుంచి ఓడలో పోయినాము. మూడు రోజుల ప్రయాణం. అప్పటికి ఊరి పేరు పోర్ట్ బ్లెయిరే, 2024లో శ్రీ విజయపురం అని మార్చినారు. రాస్ దీవి, నీల్, హావ్‌లాక్ పేర్లు అంతకు ముందే 2018 చివర మారినాయి. జెట్టీలో మాత్రం పాత పేర్లే నడుస్తా ఉంటాయి, మన మద్రాసు మాదిరి. నార్త్ బే అనే చోటును మీరందరూ చూసే ఉంటారు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్లూ, కొండా, లైట్‌హౌసూ ఉన్న బొమ్మ ఉంది చూడండి, అదే. బుకింగు కౌంటర్లో కూర్చుని ఆ నోటును ఎన్ని వేలసార్లు లెక్కపెట్టినామో! అది నిజమైన చోటని మాకు తెలిసింది దాని ఎదురుగా పోయి నిలబడినప్పుడే.

ఇంకొకటి. అక్కడ జనాభాలో నూటికి పదమూడుమంది తెలుగు మాట్లాడేవాళ్ళని 2011 జనాభా లెక్కలు చెప్తాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పోయిన బెస్తవాళ్ళు తరాలుగా అక్కడే వేట చేసుకుంటున్నారు. మేము మాట్లాడుకున్న పడవ నడిపే ఆయన కూడా ఆ మనిషే. మా మాట విని "ఏటి బాబూ, ఇది తెలుగేనా?" అని నవ్వినాడు. మా యాస ఆయనకు వింత, ఆయన యాస మాకు వింత. పది నిమిషాల్లో వరసలు కలిపేసుకున్నాము.

ఒక దీవి చూసినాము, రెండోది చూసినాము. మూడోదానికి బయలుదేరే ముందు ఆయన పడవ ముందు భాగంలో నిలబడి కాసేపు నీళ్ళ వైపు చూసినాడు. "గాలి తిరిగిపోనాది బాబూ, ఇక ఎల్లలేం" అన్నాడు. మాకు ఏమీ తెలియలేదు, సముద్రం పొద్దున ఉన్నట్టే ఉంది. మా బృందంలో ఇద్దరు ముగ్గురు "మూడు దీవులకని డబ్బిచ్చినాము కదా" అని తగులుకున్నారు. "డబ్బు తిరిగి ఇచ్చేత్తాను, ఎక్కండి" అన్నాడే గానీ ఆ దిక్కుకు తిప్పలేదు. జెట్టీ చేరే సరికి అలలు పడవ అంచు దాటి ఒళ్ళో పడుతున్నాయి. పోట్లాడినవాళ్ళే కిందికి దిగి ఆయన చెయ్యి పట్టుకున్నారు. ప్రైవేటు బోటు మాట్లాడేటప్పుడు ఇంజను ఎన్ని గుర్రాలదని అడిగేవాళ్ళున్నారు, మ్యూజిక్ ఉందా అని అడిగేవాళ్ళున్నారు. "కాదు" అనగల మనిషి నడుపుతాడా అని అడిగేవాళ్ళను మేము చూడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఇది మనకు దూరపు సంగతి కాదు. 2014 జనవరి 26న అదే పోర్ట్ బ్లెయిర్ దగ్గర, రాస్ దీవి నుంచి నార్త్ బే వైపు పోయే టూరిస్టు పడవ మునిగింది. ఎక్కించుకోవలసిన దానికన్నా చాలా ఎక్కువమందిని ఎక్కించుకున్నారు. ఇరవైమందికి పైగా పోయినారు. వాళ్ళలో ఎక్కువమంది మన కాంచీపురం వైపు నుంచి బృందంగా పోయినవాళ్ళు, మన మాదిరే. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో 45 మంది పోయినారు, అందులోనూ తమిళనాడువాళ్ళు ఉన్నారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర, నది పోటెత్తి ఉన్నప్పుడు, 77 మందితో పోయిన లాంచీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024 డిసెంబరు 18న ముంబైలో ఎలిఫెంటాకు పోతున్న ఫెర్రీని నేవీ స్పీడ్‌బోటు వచ్చి గుద్దింది. ఇంజను పరీక్ష చేస్తా ఉంటే అదుపు తప్పిందట.

పెద్ద పడవ భద్రం, చిన్న పడవ ప్రమాదం అని కొందరు అంటారు. పైన రాసినవాటిలో చిన్న పడవలు ఎన్నో మీరే చూడండి. పడవ సైజుది కాదు విషయం.

రైలుకూ పడవకూ ఉన్న తేడా మనవాళ్ళకు ఎక్కడం లేదు. పాత రకం స్లీపర్ బోగీలో 72 బెర్తులుంటాయి. పండగ రోజుల్లో అందులో నూట యాభైమంది ఎక్కినా బండి ఈరోడు చేరుతుంది, జోలార్‌పేట చేరుతుంది. నడుము విరిగేది మనుషులకే గానీ పట్టాలకు కాదు. "కొంచం అడ్జస్ట్ చేసుకోండి సార్" అన్న మాటతోనే మనదేశం రైళ్ళు నడుస్తున్నాయి. ఆ మాట నీళ్ళమీద పనికిరాదు. పడవలో రాసిన సంఖ్య సీట్ల లెక్క కాదు, బరువు లెక్క. బరువు పెరిగే కొద్దీ పడవ అంచుకూ నీటికీ మధ్య దూరం తగ్గిపోతుంది. జనం పైకి లేచి నిలబడితే బరువు పైకి పోతుంది. అదుగో డాల్ఫిన్ అని అందరూ ఒక పక్కకు జరిగితే చాలు, ఇక తిప్పడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

గవర్నమెంటు ఫెర్రీలో టికెట్టు ఇచ్చే మనిషి ఒకడు ఉంటాడు. సీట్లు అయిపోతే కిటికీ మూసేస్తాడు. మనం తిట్టుకుంటాము, అయినా మూసేస్తాడు. ఆ కిటికీ వెనక కూర్చుని మేమూ చాలా తిట్లు తిన్నాము, దాని విలువ తెలుసు. ప్రైవేటు బోటుకు ఆ కిటికీ లేదు. డబ్బు మనది, బోటు ఆ పూటకు మనది, "మా బావమరిది కుటుంబం కూడా వచ్చింది, ఇద్దరే కదా" అనేదీ మనమే. నడిపేవాడు మొగమాటపడతాడు. అందువల్ల ఆ కిటికీ పని మన సంఘమే చెయ్యాలి. బోటులో రాసి ఉన్న సంఖ్యకు ఇద్దరు తక్కువగానే పేర్లు రాసుకోవాలి. అంతకు మించితే రెండో బోటు మాట్లాడాలి, ఖర్చు పంచుకోవాలి. బావమరిది కుటుంబం ఒడ్డునే ఉండి ఫొటో తీస్తుంది.

లైఫ్ జాకెట్టు గురించి ఎక్కువ చెప్పము. ఒళ్ళో పెట్టుకున్నది, సీటు కింద దాచినది జాకెట్టు కాదు, తలగడ. చీరమీద బాగుండదని వేసుకోని అక్కలు మన దగ్గరే ఉన్నారు. ఆ పొద్దుకు చుడీదారు వేసుకోండి, ఎవరూ ఏమీ అనరు.

స్పీడ్‌బోటులో ఎక్కడ కూర్చోవాలన్నది డాక్టర్లకు తెలిసినంత టూరు ఏజెంట్లకు తెలియదు. వేగంగా పోయేటప్పుడు పడవ ముక్కు అలమీద ఎగిరి, దబ్బున కింద పడుతుంది. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళ వెన్నుపూసకు ఆ దెబ్బ నేరుగా తగులుతుంది. ఎముకలు పల్చబడినవాళ్ళకు వెన్నుపూస నలిగిపోయిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ముందు సీటు గాలి బాగా వస్తుందని పెద్దవాళ్ళకు మర్యాదగా ఇస్తారు మనవాళ్ళు. ఆ మర్యాద వద్దు. పెద్దవాళ్ళు వెనక, మధ్యలో. నడుము ఆపరేషను అయినవాళ్ళు, ఈ మధ్య గుండెకు స్టెంటు పెట్టించుకున్నవాళ్ళు ఆ రోజు సెల్యులార్ జైలు చూడండి, అది 1906లో కట్టి ముగించినది, తొందరగా ఎక్కడికీ పోదు.

స్నార్కెలింగు కూడా చూసినంత సుళువు కాదు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం, నీళ్ళమీద బోర్లా తేలడం, ఇంతే కదా అనిపిస్తుంది. గొట్టంలోంచి గాలి లాగడం మామూలు ఊపిరికన్నా కష్టం. హవాయి దీవులకు పోయే టూరిస్టులు సముద్రంలో మునిగి చనిపోవడానికి స్నార్కెలింగే పెద్ద కారణంగా ఉంది, పోయేవాళ్ళలో మన వయసువాళ్ళే ఎక్కువ. సినిమాలో మాదిరి చేతులు ఊపి అరవరు. బోర్లా తేలేవాడు తేలుతున్నట్టే ఉంటాడు, అంతే. అందుకని ఇద్దరిద్దరుగా దిగాలి, ఒకరు తేలితే ఒకరు చూడాలి. ఊపిరి భారమైన మరుక్షణం గొట్టం తీసేసి వెల్లకిలా తిరగాలి. మనుషులు నీళ్ళలో ఉన్నంతసేపూ ఇంజను ఆపి ఉండాలి. నడిపేవాడి మణికట్టుకు ఒక ఎర్ర తాడు ఉంటుంది, అతను జారిపడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. అది కట్టుకున్నాడా అని అడగండి, సిగ్గుపడకండి. ఈత రానివాళ్ళకు అడుగున అద్దం పెట్టిన పడవలున్నాయి. ఇంటావిడ అందులోనే చూసింది. మేము నీళ్ళలో దిగి చూసిన చేపలకన్నా ఆమె చూసినవే ఎక్కువని ఇప్పటికీ దెప్పుతుంది.

ఒకే దీవి అన్నాము కదా, దానికి టైము లెక్క ఉంది. మన ఇండియా టైముకు ఆధారమైన రేఖ 82.5 డిగ్రీలు, కాకినాడ, యానాం పక్కగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే అక్కడ సూర్యుడు నలభై నిమిషాలు ముందే పని ముగిస్తాడు. జనవరిలో ఐదున్నర లోపలే పొద్దు గూకుతుంది. ఆరున్నర దాకా వెలుతురుంటుందని ఇక్కడి అలవాటుతో మూడో దీవిలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే, చీకట్లో బండలమధ్య స్పీడ్‌బోటు తేవలసి వస్తుంది. మధ్యాహ్నం మూడుకల్లా ఒడ్డు చేరాలని మా మాట.

పగడాల గురించి రెండు ముక్కలు. అది రాయి కాదు, ప్రాణి. గుండులాగా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అలసిపోయి దానిమీద ఒక్క నిమిషం నిలబడితే మన పేరన్ పుట్టినప్పటినుంచి పెరిగింది విరిగిపోతుంది. 2010లో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడిపోయినాయి, 2016లో మళ్ళీ. వేడికి మనం ఏమీ చెయ్యలేము గానీ కాలు పెట్టకుండా ఉండగలము. మా తూత్తుకుడి వైపు సున్నానికని పగడాలు తవ్వి తవ్వి ఏమైందో చూసినవాళ్ళం మనం. మన్నార్ సింధుశాఖలో 21 దీవులని 1986లో జాతీయ పార్కుగా పెట్టినారు, అందులో రెండు నీళ్ళలో మునిగిపోయినాయి. అండమాన్‌లో వండూరు దగ్గర 1983లో పెట్టిన పార్కు ఉంది. అక్కడ జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవుల్లో ఆరు నెలలు ఒకటి, ఆరు నెలలు ఇంకొకటి తెరుస్తారు. ప్లాస్టిక్ సీసా కూడా తీసుకుపోనివ్వరు. మన పులిహోర పొట్లాలు స్టీలు డబ్బాల్లోకి మార్చుకోవాలి. కమిటీ ఒకే దీవి అని ఒప్పుకుంటే మా ఓటు ఆ వైపుకే. బ్రెడ్డు ముక్కలు చేపలకు వెయ్యవద్దు. ఒడ్డున దొరికిన పగడపు ముక్క పూజగదికి తెచ్చుకోవద్దు. 2001నుంచి పగడాలకూ పులికి ఉన్న చట్టమే, ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపిస్తారు.

ఇక పిల్లలకు ఒక మాట. మీరు ప్లాను తెచ్చినందుకు మాకు సంతోషం. ముసలివాళ్ళను గుడికే తీసుకుపోవాలని అనుకోకుండా సముద్రంలోకి తీసుకుపోవాలనుకున్నారు. రామేశ్వరంలో మునక వేసి తిరిగి వచ్చే వయసులో నీటి కింద రంగు చేపలు చూడడం చిన్న విషయమా? అందుకనే ఇంత రాసినాము. వద్దనడానికి నాలుగు మాటలు చాలు, పోదామనేటప్పుడే ఇన్ని లెక్కలు కావాలి.

వచ్చే ఆదివారం పేర్లు రాసుకుంటాము. పేరు, వయసు, ఈత వచ్చా రాదా, ఏవైనా మందులు వాడుతున్నారా, బరువు ఎంత, ఇవన్నీ ఒక కాగితంమీద రాసి తెండి. బరువు చెప్పడానికి సిగ్గుపడే అక్కలు ఇంటావిడ చెవిలో చెప్పవచ్చు. ఆమె మాకు కూడా చెప్పదు.