మాత్రకు వేళైంది

పార్కిన్సన్స్ జబ్బు అనగానే మనకు గుర్తొచ్చేది చేతుల వణుకు. ముదిరాక అసలు బాధ అది కాదు. ఒళ్లు బిగుసుకుపోతుంది, నడుస్తుండగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి, మింగుడు పడదు, గొంతు సన్నబడిపోతుంది. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ నెల పేజీ మీకోసమే.

మా మామయ్యగారు బాగాన్ దాతో కొబ్బరి తోటలో పుట్టి పెరిగారు. ఆయన పిలిస్తే తోట అవతలి గట్టుకు వినపడేదని అత్తయ్య చెప్పేది. చివరి ఏళ్లలో పక్కన కూర్చున్నా వినపడేది కాదు. మలాయ్ బాగా వచ్చు, కానీ ఒంట్లో బాగాలేనప్పుడు నోటికి తెలుగే వచ్చేది.

ఒకసారి న్యుమోనియాతో ఆసుపత్రిలో చేర్చాం. ఇంట్లో ఆయన మాత్రల వేళలు 6, 10, 2, 6. వార్డులో మందుల బండి ఎప్పుడొస్తే అప్పుడే. పన్నెండున్నరకు నేను వెళ్లేసరికి 10 గంటల మాత్ర ఇంకా పడలేదు. మనిషి కొయ్యలా ఉన్నారు. పెదవులు మాత్రం "వేళైంది, వేళైంది" అంటున్నాయి. పక్క మంచం పెద్దాయన తమిళుడు. ఆ భాషలో వేలై అంటే పని కదా! పాపం, తోట పనికి వెళ్లాలని కలవరిస్తున్నారనుకుని నర్సుకు అదే చెప్పాడు. నెమ్మదించడానికి ఇంజెక్షన్ ఇద్దామన్న మాట కూడా వచ్చింది.

ఆ ఇంజెక్షన్ పేరు హాలోపెరిడాల్. పార్కిన్సన్స్ ఉన్నవారిని అది ఇంకా బిగదీస్తుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. ఈ రెండు పేర్లూ రాసిపెట్టుకోండి.

వేళ ఎందుకంత ముఖ్యమంటారా? జబ్బు కొత్తలో మెదడు మందును కాస్త దాచుకుని వాడుకుంటుంది. ముదిరినకొద్దీ ఆ శక్తి పోతుంది. ఇక దినకూలీ సంసారంలాగా ఏ పూటకు ఆ పూటే. మాత్ర ఆలస్యమైతే మింగలేరు, మింగలేక మాత్ర ఇంకా ఆలస్యమవుతుంది. అలాగని ఒక్కసారిగా ఆపేస్తే విపరీతమైన జ్వరం, బిగుతు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నోటితో వీలుకాకపోతే ముక్కు గొట్టం ద్వారానో, చర్మానికి అంటించే పట్టీగానో మందు ఇవ్వగలరేమో అడగండి. మామయ్యగారికి గొట్టంలోనే ఇచ్చారు. గంటలోపు వేళ్లు కదిలాయి.

ఇంటి దగ్గర మాత్ర భోజనానికి అరగంట ముందు, నీళ్లతో. పాల టీతో వద్దు. చేప, మాంసం, పప్పు, పాలల్లోని మాంసకృత్తులు మందును లోపలికి పోనివ్వవు. మానేయమనడం లేదు, మాత్రకు దూరంగా పెట్టమంటున్నాను. నీళ్లకే పొలమారుతుంటే ఎంత చిక్కగా ఇవ్వాలో మింగడం నేర్పే థెరపిస్టును అడగండి. నెమ్మదిగా కరిగే రకం మాత్రను నలగ్గొట్టకండి. కాళ్లు అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. నేల మీద గీత చూపించి దాటమనండి, చిత్రంగా దాటేస్తారు. లేని మనుషులు కనబడుతున్నారంటే వాదించవద్దు, ముందు మూత్రంలో ఇన్ఫెక్షనేమో చూపించండి.

దూలగొండి పొడి సంగతి చాలామంది అడుగుతున్నారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, మన మాత్రలో ఉన్నదీ అదే. అందుకే డాక్టరుకు చెప్పకుండా రెండూ కలపకూడదు.

ఇక ఈ వారమే ఒక అట్ట కార్డు తయారు చేయండి. ఒకవైపు మలాయ్‌లో "ఉబాత్ పార్కిన్సన్ మెస్తి తెపాత్ మాసా" అని పెద్దక్షరాల్లో రాయండి. కింద మాత్ర పేరు, మోతాదు, వేళలు, ఇవ్వకూడని ఆ రెండు మందులు. రెండోవైపు మీ పెద్దవారు ఇంట్లో వాడే మాటలు, పక్కనే మలాయ్ అర్థాలు: దాహం, హాఉస్. నొప్పి, సాకిత్. పొలమారింది, తెర్సెదాక్. మా కార్డులో మొదటి వరుస: వేళైంది, మాసా ఉబాత్.