ఆవర్జా మొత్తం రోజూ తిరగరాయకండి

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీ యజమానులకు, పల్నాడు నుంచి పర్చూరు దాకా ఉన్న జిన్నింగు మిల్లులవారికి, వారి దగ్గర కంప్యూటరు చూసే గుమస్తాలకు విజ్ఞప్తి.

కంప్యూటర్లు రాకముందు మన కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఆ రోజు బేరాలు చిట్టాకెక్కేవి, అక్కడి నుంచి ఆవర్జాలో ఎవరి పేజీలోకి వారి పద్దు చేరేది. కొట్టు కట్టేముందు ఆవర్జా అంతటినీ కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసిన గుమస్తా ఎక్కడా లేడు. రాత్రి పదింటికి దానంతటది నడిచే బ్యాకప్‌తో ఇప్పుడు చాలాచోట్ల చేయిస్తున్నది ఆ పనే. లెక్కల ఫోల్డరు 4 జీబీ ఉందనుకోండి. రోజుకో పూర్తి కాపీ చొప్పున ఏడాదికి 1,460 జీబీ అవుతుంది. 1 టీబీ డిస్కు ఎనిమిది నెలలకే నిండిపోతుంది. అదే ఫోల్డరులో రోజుకు మారేది 40 ఎంబీ అయితే, ఒక పూర్తి కాపీ, ఆపైన మార్పులు మాత్రమే దాచినా ఏడాదికి 19 జీబీ దాటదు. చోటు కరువైతే డబ్బు వృథా కావడం ఒక్కటే కాదు నష్టం. నిండిన డిస్కు మీద బ్యాకప్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. యజమాని మాత్రం రోజూ జరుగుతోందనే ధీమాతో ఉంటాడు. రైతు పట్టీ, కోల్డ్ స్టోరేజీలో ఎవరి టిక్కీలు ఎన్ని ఉన్నాయన్న లెక్క, ఆ సరుకు మీద తీసుకున్న అప్పు, అన్నీ ఆ ధీమా మీదే నిలబడి ఉన్నాయి.

చేయాల్సిన పని మనకు తెలియనిదేమీ కాదు. మారినదాన్నే దాచే పద్ధతిని ఇంక్రిమెంటల్ బ్యాకప్ అంటారు. చిట్టా రాయడమంటే అదే. 1996లో వచ్చిన ఆర్‌సింక్ లాంటి ఉచిత పరికరాలు ఏ రోజు ఫోల్డరు తెరిచినా పూర్తి కాపీలాగే చూపిస్తాయి, మారని ఫైళ్లకు మాత్రం రెండోసారి చోటు తీసుకోవు. బోర్గ్, రెస్టిక్ ఇంకొంచెం ముందుకెళ్లి ఫైలును ముక్కలు చేసి, ఇదివరకే ఉన్న ముక్కను మళ్లీ రాయవు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లెక్కల సాఫ్ట్‌వేరు తయారుచేసే జిప్ ఫైలునే వీటికి అప్పగిస్తే లాభం దాదాపు ఉండదు. ఒక్క పద్దు మారినా జిప్‌లో చాలా భాగం మారిపోతుంది కాబట్టి పాతదానితో పోల్చుకోవడం కుదరదు. విడి ఫైళ్లనే ఇవ్వాలి, అదీ సాఫ్ట్‌వేరు మూసేశాక. కుదించడం ఆ పరికరమే తర్వాత చేసుకుంటుంది. దూదిని ప్రెస్సులో అదిమి 170 కిలోల బేలు కట్టినట్టే, లెక్కల ఫైళ్లు బాగా అణుగుతాయి. ఫొటోలు, వీడియోలు ముందే అణిగి ఉంటాయి, వాటిని మళ్లీ నొక్కినా తగ్గేది లేదు. కల్లంలో తాలు ఏరినట్టు సీసీ కెమెరా రికార్డింగులను ఈ బ్యాకప్ నుంచి ముందే ఏరి పక్కన పెట్టాలి. చాలాచోట్ల డిస్కును మింగేస్తున్నవి అవే.

పాత కాపీలు ఎన్నాళ్లు ఉంచాలన్నది తోచినట్టు తేల్చే సంగతి కాదు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి గడిచిన వారంలో రోజుకొకటి, ఆ ముందు నాలుగు వారాలకు వారానికొకటి, ఏడాదికి నెలకొకటి, ఎనిమిదేళ్లకు ఏడాదికొకటి ఉంచితే 31 కాపీలు చాలు. కంపెనీగా నమోదైన మిల్లులు మరో సంగతి గమనించాలి. కంపెనీల లెక్కల నిబంధనలకు 2022 ఆగస్టులో చేసిన సవరణ తర్వాత వాటికి రోజువారీ బ్యాకప్ తప్పనిసరి, అదీ మన దేశంలోని సర్వరు మీదే.

డిస్కులు చవకే కదా, ఇంకోటి కొంటే పోదా అని అడుగుతారు. కొనండి, కానీ దాన్ని వేరే ఊళ్లో పెట్టండి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున ఒకే గదిలో నాలుగు డిస్కులున్నా ఒక్కటి ఉన్నట్టే. పైగా రోజుకు 4 జీబీ పంపలేని ఇంటర్నెట్టు మీద 40 ఎంబీ తేలిగ్గా వెళ్తుంది. చోటు మిగిల్చితేనే రెండో ఊరి కాపీ సాధ్యమని నేననేది అందుకే. క్లౌడులో ఫోల్డరు ఎప్పటికప్పుడు సింక్ అవుతోంది, అది చాలదా అంటే, చాలదు. ఇక్కడ చెరిగింది అక్కడా చెరుగుతుంది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసే వనాక్రై వైరస్ పాకినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్ తాళం వేసిన ఫైళ్లే మంచివాటి మీద పడితే మిగిలేదేముంది? అందుకే ఒక కాపీ ఎప్పుడూ కంప్యూటరు నుంచి విడిగా ఉండాలి.

వీటన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. మార్పులు గొలుసులా ఉంటాయి, మధ్యలో ఒక లింకు తెగితే ఆ తర్వాతవన్నీ పోతాయి కదా? ఈ భయంలో న్యాయం ఉంది. మారని ఫైలుకు ఒకే కాపీ ఉన్నప్పుడు అది చెడితే అన్ని తేదీల్లోనూ చెడినట్టే. దానికి విరుగుడు రోజూ పూర్తి కాపీ తీయడం కాదు. నెలకో పూర్తి కాపీ వేరే డిస్కు మీదికి తీయాలి, వారానికోసారి పరికరంలోనే ఉన్న తనిఖీ ఆజ్ఞను నడపాలి, మూడు నెలలకోసారి ఏదో ఒక తేదీ లెక్కను ఖాళీ కంప్యూటరు మీదికి తిరిగి తెచ్చి ఒక రైతు పట్టీ తెరిచి చూడాలి. ఎప్పుడూ తెరిచి చూడని పూర్తి కాపీలు 300 ఉన్నా ఈ ఒక్క పరీక్షకు సాటి రావు.

ఈ పని విడివిడిగా ప్రతి కొట్టూ నేర్చుకోవాల్సిన అవసరం లేదు. వ్యాపారుల సంఘాలు, కోల్డ్ స్టోరేజీల సంఘాలు ఒక నమూనా అమరికను రాయించి, తెలుగులో ఒక్క పేజీకి కుదించి, గుమస్తాలకు ఒకరోజు శిక్షణ ఇప్పించాలి. సరుకు ముమ్మరంగా దిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో దీనికి ఎవరికీ తీరిక దొరకదు. యార్డుకు వేసవి సెలవులిచ్చే రోజుల్లోనే కూర్చోండి. శిక్షణ రోజున మీ బ్యాకప్ డిస్కులో ఎంత చోటు మిగిలిందో, చివరి కాపీ ఏ తేదీదో చూసి కాగితం మీద రాసుకురండి.