మొక్కని అమ్మేద్దామా?

ఎన్‌బీఏ టీమ్ తన ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌ని అమ్ముకోవచ్చా? మా కోనసీమ లెక్కలో పిక్ అంటే ఇంకా గెల వెయ్యని కొబ్బరి మొక్క. ఆగే ఓపిక కావాలి.

2013లో బ్రూక్లిన్ ఆగలేదు. పేరున్న సీనియర్ల కోసం పిక్‌లు బోస్టన్‌కి ఇచ్చేసింది. ఆ పిక్‌ల పుణ్యమే జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్. 2024 కప్పు బోస్టన్‌దే.

మన సన్‌రైజర్స్ కూడా అంతే. 2018లో శిఖర్ ధావన్‌ని ఢిల్లీకి ఇచ్చి ముగ్గుర్ని తెచ్చుకుంది. అందులో ఒకడు పద్దెనిమిదేళ్ల అభిషేక్ శర్మ. ధావన్ 2020లో 618 పరుగులు కొట్టాడు, ఢిల్లీ ఫైనల్లో ఓడింది. అభిషేక్ 2025లో ఉప్పల్‌లో 55 బంతుల్లో 141 బాదాడు.

కప్పు ఒక్క అడుగు దూరంలో ఉంటే పిక్ ఇచ్చేయండి. అడుగున ఉంటే మాత్రం వద్దు బాసూ! ఓడేకొద్దీ పిక్ విలువ పెరుగుతుంది. ఓటమి మనది, కాయలు పక్కోడివి.