వెండి గరిటె మీద లేని ముద్ర

ఆన్‌సైట్‌కి ఇంగ్లండ్ వెళ్ళిన మనవాళ్ళు కొందరు అక్కడి పాత వెండి గరిటెలు కొని తెచ్చుకుంటారు. ఫలానా లార్డు గారింట్లో వడ్డించినవని చెప్పి మురిసిపోతారు. కొనుక్కోండి, ఎవరు కాదన్నారు? కాకపోతే "ఘనమైన వారసత్వం" అనేముందు లెక్క పూర్తిగా చూడండి.

గరిటె తిరగేస్తే వరసగా బుల్లి ముద్రలుంటాయి. సింహం ముద్ర ఉంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి. ఒక అక్షరం ఏ ఏడాదిదో చెబుతుంది. పొడి అక్షరాలు కంసాలివి. 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టినందుకు గుర్తుగా రాజు తలో, రాణి తలో కొట్టేవారు. కాడ మీద వంశ చిహ్నం. మన సోర్స్ కంట్రోల్ లాగ్ కన్నా నయం! ఒక్కటే లేదు: ఆ డబ్బు ఎవరి కష్టం?

జవాబు కొంత మా కృష్ణాజిల్లాలో ఉంది. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో వ్యాపారానికి దిగారు. 1765లో ఉత్తర సర్కార్లకి ఫర్మానా తెచ్చుకున్నారు. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు చేశారు. జమీందారు కంపెనీకి ఏటా పేష్కష్ కట్టాలి, రైతు దగ్గర వసూలు చేసుకోవాలి. యార్లగడ్డ వారి చల్లపల్లి జమీందారీ నడిచింది ఈ పద్ధతిలోనే. అంటే రైతు పండించిన గింజలో ఒక వాటా కోటకి, ఇంకో వాటా కంపెనీకి. ప్రతి గరిటె ఇలాగే వచ్చిందని నేననను. కానీ ఇండియాలో గడించుకుపోయి అక్కడ దొరలైనవాళ్ళని ఇంగ్లీషువాళ్ళే "నబాబు"లని ఎగతాళి చేశారు కదా!

"వస్తువు అందం చూడాలి గానీ ఈ రాజకీయాలెందుకు?" అంటారు. అందమే అయితే లార్డు పేరు చెప్పి ఎక్కువ ధర ఎందుకు పెడుతున్నారు? చరిత్రని కొంటున్నది మీరే, అదీ సగమే కొంటున్నారు.

"జమీందార్లు గుళ్ళకీ బళ్ళకీ ఇచ్చారు కదా" అనేది ఇంకో వాదన. ఇచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా?

చల్లపల్లి పక్కనే మంగళాపురంలో 1914లో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు లాంటివాళ్ళు ఈ లెక్కే అడిగారు. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసింది, జమీందార్లకి నష్టపరిహారం కూడా ఇచ్చింది. తరతరాలుగా కట్టిన శిస్తుకి రైతుకి మాత్రం పరిహారం లేదు.

అందుకే నేననేదేమిటంటే, గరిటె పక్కన చీటీ పెడితే లార్డు పేరు కింద శిస్తు కట్టినవాళ్ళ గురించీ ఒక లైను రాయండి. చల్లపల్లి కోట ఫొటోలు పెట్టి పొంగిపోయేవాళ్ళకీ ఇదే మాట.