గండి కొట్టిన జనరల్‌కు సన్మానపత్రం

2011 మే 2, రాత్రి పది గంటల వేళ. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, బర్డ్స్ పాయింట్ దగ్గర మిసిసిపీ కరకట్ట పెద్ద వెలుగుతో పేలింది. పేల్చింది దాన్ని కాపాడాల్సిన సైన్యం ఇంజనీర్లే. కట్టలో అమర్చి ఉన్న గొట్టాల్లోకి ద్రవరూపంలోని పేలుడు పదార్థాన్ని పంపు చేశారు. పిడుగుల భయంతో మధ్యలో పని ఆపేసి, వాన వెలిశాక మళ్లీ మొదలుపెట్టారు. నది మీద ఎం.వి. మిసిసిపీ అనే నౌకలో మకాం వేసిన మేజర్ జనరల్ మైకేల్ వాల్ష్ ఆజ్ఞ ఇచ్చారు. మిసిసిపీ లోయ అంతటికీ ఆయనే సైనిక ఇంజనీరింగ్ కమాండర్.

ఓహియో నది మిసిసిపీలో కలిసే చోట కేరో అనే చిన్న పట్నం ఉంది. జనాభా మూడు వేలకు లోపే. ఆ రోజు అక్కడి గేజి 61 అడుగులు దాటింది, అంతకు ముందెన్నడూ నమోదు కాని మట్టం. వరద గోడ లోపలి వైపు నేలలోంచి ఇసుకతో నీరు ఉబికి రావడం మొదలైంది. కట్టలు కాసినవాళ్లకు దాని అర్థం తెలుసు. నీరు అడుగునుంచి దారి చేసుకుంటోంది, ఇక గంటల లెక్కే. అటువంటప్పుడు అవతలి ఒడ్డున కట్ట తెగ్గొట్టి, 5.5 లక్షల క్యూసెక్కుల దాకా పొలాల మీదికి మళ్లించాలని ఎప్పుడో రాసిపెట్టిన పథకం ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు చూసిన గోదావరి వాసులకు ఇదేమంత ప్రవాహం అనిపించొచ్చు. అయితే ఇక్కడ వరద తనంతట తాను వచ్చి పడలేదు. ఒక మనిషి సంతకం చేస్తే వచ్చింది.

మిస్సోరి ప్రభుత్వం దీన్ని ఆపమని కోర్టుకెళ్లింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టులు అడ్డుపడలేదు, అలాగని పేల్చమనీ చెప్పలేదు. బరువంతా వాల్ష్ నెత్తిమీదే పడింది. 1.3 లక్షల ఎకరాలు మునిగాయి, చేలో గోధుమ పైరు చేతికి రాకుండా పోయింది, వంద దాకా ఇళ్లు నీట కలిశాయి. కేరో దగ్గర మట్టం దిగింది. పట్నం నిలిచింది.

అదే ఏడాది చివర్లో వాల్ష్ ఆ పదవి వదిలి వేరే బాధ్యతలకు వెళ్లారు. అమెరికా సైన్యంలో దీనికో పద్ధతి ఉంది. దిగిపోయే కమాండర్ దళం పతాకాన్ని పై అధికారికి అందిస్తాడు, ఆయన దాన్ని కొత్త కమాండర్ చేతికిస్తాడు. ఆర్మీ ఇంజనీర్ల దళానికి మరో ముచ్చట కూడా ఉంది. రెండు మూడేళ్లు పనిచేసి వెళ్లే జిల్లా స్థాయి కల్నల్‌కు సైతం ఆ ప్రాంతపు సెనేటరో, కాంగ్రెస్ సభ్యుడో చట్టసభ రికార్డులో ప్రశంస చేర్పిస్తుంటారు. 1802లో స్థిరపడిన ఈ దళం ఆ దేశంలో కరకట్టలు కడుతుంది, ఆనకట్టలు నడుపుతుంది, ఓడరేవుల్లో పూడిక తీస్తుంది. సుమారు 37 వేల మంది పనిచేసే సంస్థలో యూనిఫాం వేసుకున్నవాళ్లు కొన్ని వందల మందే. కాబట్టి వీళ్లకు దక్కే మెప్పు యుద్ధానికి సంబంధించింది కాదు, ప్రజాసేవకు సంబంధించింది.

చిక్కల్లా ఆ ప్రశంసల్లోని భాషతోనే. దార్శనికత, అంకితభావం, నాయకత్వ పటిమ. పేరొక్కటి మారిస్తే ఏ కల్నల్‌కైనా సరిపోతాయి. మన దగ్గర బదిలీ అయిన అధికారికి శాలువా కప్పి, పూలదండ వేసి, జ్ఞాపిక చేతిలో పెట్టి చదివే సన్మానపత్రం కూడా ఇదే కోవలోది. ముక్కుసూటి మనిషి, పేదల పక్షపాతి, మచ్చలేని వ్యక్తిత్వం. ఆయన హయాంలో ఏ కాలువకు నీరొచ్చింది, ఏ ఊరికి రాలేదు అన్నది అందులో వెతికినా దొరకదు.

మర్యాద కోసం చదివే కాగితానికి ఇంత రాద్ధాంతం ఎందుకని అడగొచ్చు. మామూలు అధికారి విషయంలో అవసరం లేకపోవచ్చు. వరద ఇంజనీరు సంగతి వేరు. 1927లో మిసిసిపీ పొంగి ఆరు లక్షల మందికి పైగా నిరాశ్రయులయ్యారు. కరకట్టలు మాత్రమే చాలన్న పాత నమ్మకం ఆ నీళ్లలో కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది చేసిన చట్టం, చీఫ్ ఇంజనీర్ ఎడ్గర్ జాడ్విన్ పథకం ప్రకారం, వరదను కావాలనే వదిలే దారులు ఏర్పాటు చేసింది. బర్డ్స్ పాయింట్ వాటిలో ఒకటి. పొలాల మీదికి నీళ్లు వదిలే హక్కును ప్రభుత్వం అప్పట్లోనే యజమానులకు ఒక్కసారి డబ్బు కట్టి కొనేసింది. అదే చట్టంలో ఇంకో నిబంధన ఉంది. వరద నీటి వల్ల కలిగే నష్టానికి ప్రభుత్వం బాధ్యత వహించదు. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లియన్స్ వరద గోడలు కూలి నగరం మునిగితే, బాధితుల దావాలో 2008లో జడ్జి స్టాన్‌వుడ్ డువాల్ సైన్యం ఇంజనీర్లను తీవ్రంగా తప్పుపట్టారు. అయినా ఆ నిబంధన ఉన్నందున కేసు కొట్టేయక తప్పలేదు. 2011 ముంపు మీద రైతులు వేసిన దావా కూడా నిలవలేదు.

అంటే కోర్టు అడగలేదు. ఓటరు దించలేడు. రెండు మూడేళ్లకు బదిలీ ఎలాగూ ఉంటుంది. ఇక ఆ కమాండర్ చేసిన పని మంచి చెడ్డలు జనం ముందు రికార్డయ్యే చోటు ఏది? వీడ్కోలు వేళ రాసే కాగితం అందుకు పనికొస్తుంది. దాన్ని పొగడ్తలతో నింపేస్తే ఉన్న ఆ ఒక్క అవకాశమూ పోతుంది.

ఆ దళంలోనే దీనికి ఆదర్శం ఉంది. 2006 జూన్ 1న అప్పటి చీఫ్ ఆఫ్ ఇంజనీర్స్ లెఫ్టినెంట్ జనరల్ కార్ల్ స్ట్రాక్ న్యూ ఆర్లియన్స్‌లో వేల పేజీల నివేదిక విడుదల చేస్తూ, తమ వరద రక్షణ వ్యవస్థ విఫలమైందని బహిరంగంగా ఒప్పుకున్నారు. తుపాను మరీ పెద్దదని చెప్పి తప్పుకునే వీలుంది. కొన్ని గోడల డిజైనులోనే లోపం ఉందని ఆయన చెప్పారు. కొద్ది నెలలకే పదవీ విరమణ కోరారు. ఆయన సేవలో మెచ్చుకోదగినవి ఇంకా ఎన్నున్నా, ఈ ఒక్కటీ లేకుండా రాసిన ప్రశంస అసంపూర్తే.

ఇక వాల్ష్ వంతు. పేల్చిన కట్ట వెనక, ముంపు ప్రాంతంలో పిన్‌హుక్ అనే పల్లె ఉండేది. మంచి భూములు నల్లవాళ్లకు అమ్మని రోజుల్లో, 1940లలో, కౌలు చేసుకుని బతికే నల్లజాతి కుటుంబాలు ఎవరూ కోరుకోని ఈ ముంపు నేల కొనుక్కున్నాయి. అడవి కొట్టి, మడుగులు ఎండగట్టి సాగులోకి తెచ్చాయి. ఇళ్లు, చర్చి కట్టుకున్నాయి. 2011 నాటికి అక్కడ మిగిలింది కొద్దిపాటి కుటుంబాలే. ఖాళీ చేయడానికి తమకెవరూ సాయం రాలేదని, సామాను తామే మోసుకుపోయామని ఊరివాళ్లు తర్వాత చెప్పారు. ఊరు మొత్తం పోయింది. చుట్టుపక్కల పెద్ద రైతులు చాలామంది నీరు తీశాక అదే వేసవిలో సోయా వేసుకున్నారు. పిన్‌హుక్ వాళ్లు మాత్రం కొత్త ఇళ్ల కోసం ఏళ్ల తరబడి దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. కేరో కూడా ఎక్కువగా నల్లజాతి పేదల పట్నమే. ఒక పేద ఊరిని నిలబెట్టడానికి మరో పేద ఊరు బలైంది.

అయినా వాల్ష్ సన్మానానికి అర్హుడే. ఆయనకు ఊరుకోవడమే తేలిక. కేరో గోడ దానంతట అదే కూలి ఉంటే నింద నది మీదికి పోయేది, జనరల్ మీదికి రాదు. ఆయన కోర్టుల తీర్పు వచ్చేదాకా ఆగారు, గేజి చూశారు, తన పేరు మీద నిర్ణయం తీసుకున్నారు. ఆ ధైర్యాన్ని మెచ్చుకునే కాగితంలోనే పిన్‌హుక్ పేరు రావాలి. అలా రాస్తే ఆయన ఘనత తరిగిపోదు. ఎంత కష్టమైన నిర్ణయమో చదివేవాడికి అప్పుడే తెలుస్తుంది.

సైనిక ఇంజనీరును తలకెత్తుకోవడంలో తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మద్రాసు ఇంజనీర్స్ అధికారి ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టారు, 1852కి అది పూర్తయింది. నేటికీ గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు పడుతుంటాయి. అది న్యాయమే. కానీ ఆ కథ చెప్పేటప్పుడు వేల మంది కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న పేరు ఎందరికి గుర్తొస్తుంది? కాటన్ గట్టిగా సమర్థించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ సంగతో? నల్లరేగడి రైతు వర్షాధారపు పైరు వదిలి నీటికి డబ్బు కట్టడానికి ముందుకు రాలేదు. వాటాదారులకు అయిదు శాతం వడ్డీ హామీ ఇచ్చిన ప్రభుత్వం చివరికి 1882లో ఆ కాలువను తానే కొనుక్కోవాల్సి వచ్చింది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ భారతదేశపు నీటి పనుల ఖర్చులను తవ్వి తీసి, కాటన్‌ను పిలిచి ప్రశ్నించింది. అప్పటికి ఆయన వయసు 75. విగ్రహం కింద రాయని ఈ సంగతులు తెలిసినా గోదావరి రైతు దండం పెట్టడం మానడు.

బర్డ్స్ పాయింట్ కట్టను తర్వాత మళ్లీ కట్టారు. పథకం మారలేదు, గొట్టాల్లో పేలుడు పదార్థం నింపే పద్ధతీ ఉంది. కమాండర్లు మాత్రం మారుతుంటారు. కొత్తగా వచ్చిన జనరల్ బల్లమీద ముందటివాడి వీడ్కోలు ప్రశంస ప్రతి ఒకటి ఉందనుకుందాం. గేజి ఎక్కడికి చేరినప్పుడు నిర్ణయం జరిగింది, హెచ్చరిక ఎన్ని రోజుల ముందు వెళ్లింది, లారీలు ఏ పల్లెకు పంపలేదు, ఎవరికి ఇల్లు రావడానికి ఎన్నేళ్లు పట్టింది అన్నవి అందులో ఉంటే, ఈసారి నీరు 58 అడుగుల దగ్గర ఉండగానే ఆ పల్లెకు బళ్లు బయల్దేరతాయి.