చేతులు మారితే చాలునా?

సూపర్ హీరో చిత్రాలను రాజకీయ చర్చకు తగని సరుకుగా తోసిపుచ్చడం మనలో చాలామందికి అలవాటు. 2014లో విడుదలైన ‘కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్’ విషయంలో ఆ అలవాటును పక్కన పెట్టవలసిందే. 2011 నాటి తొలి భాగం రెండో ప్రపంచ యుద్ధపు వీరగాథ. శత్రువెవరో, మిత్రుడెవరో అందులో సందేహం లేదు. రుస్సో సోదరుల దర్శకత్వంలో వచ్చిన రెండో భాగం అదే సైనికుణ్ణి నేటి వాషింగ్టన్‌కు తెచ్చి, తాను కొలువు చేస్తున్న వ్యవస్థనే అనుమానించవలసిన స్థితిలో నిలబెట్టింది.

చిత్రానికి కేంద్రం ‘ప్రాజెక్ట్ ఇన్‌సైట్’. ఉపగ్రహాలతో అనుసంధానమైన మూడు ఆకాశ యుద్ధనౌకలు, ప్రమాదకారులు కాగలరని లెక్క తేలినవారిని ముందే హతమారుస్తాయి. బ్యాంకు ఖాతాలు, వైద్య రికార్డులు, ఓటు వేసే తీరు, ఈమెయిళ్లు, ఫోన్ సంభాషణలే ఆ లెక్కకు ముడిసరుకు. శిక్ష నేరం తరువాత రావాలి కదా అన్నది కథానాయకుడి అభ్యంతరం. అధ్యక్షుడు ఒబామా హయాంలో డ్రోన్ దాడుల హతుల జాబితాలపై చర్చ సాగుతున్న కాలమది; చిత్రం తెరమీదికి రావడానికి పది నెలల ముందే స్నోడెన్ అమెరికా నిఘా యంత్రాంగం గుట్టు విప్పాడు. వందల కోట్ల వ్యాపార చిత్రం ఇంత సూటిగా ఈ ప్రశ్నను ముట్టుకోవడం చిన్న విషయం కాదు. 1976లో ‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’లో వాటర్‌గేట్‌ను ఛేదించిన విలేకరిగా నటించిన రాబర్ట్ రెడ్‌ఫోర్డ్‌కే ఇక్కడ కుట్రదారు పాత్ర ఇవ్వడంలోనూ రాజకీయ స్పృహ ఉంది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఒక చిన్న దృశ్యం. తలకు తుపాకీ గురిపెట్టినా, ఒక యువ సాంకేతిక ఉద్యోగి ఆ నౌకలను ఎగరవేసే ఆదేశాన్ని అమలు చేయ నిరాకరిస్తాడు. నియంతృత్వాలు నిలిచేదీ కూలేదీ ఇలాంటి కింది స్థాయి ఉద్యోగుల విధేయత మీదనే. పిడికిలి పోరాటాలు చెప్పలేని మాటను ఆ భయంతో వణికే యువకుడు చెప్పాడు.

ఇంతటి ప్రశ్న వేసిన చిత్రం సమాధానం దగ్గర వెనకడుగు వేసింది. ఈ పథకం వెనుక ఉన్నది నాజీల నుంచి పుట్టిన ‘హైడ్రా’ అనీ, దశాబ్దాలుగా అది ప్రభుత్వ వ్యవస్థలోకి చొరబడిందనీ మధ్యలో తేలుతుంది. యుద్ధానంతరం జర్మన్ శాస్త్రవేత్తలను అమెరికా చేరదీసిన చరిత్ర నిజమే కనుక కల్పనకు కొంత ఆధారం ఉంది. అయితే ఆ క్షణం నుంచి ప్రజాస్వామ్య రాజ్యం తనంతట తాను, చట్టబద్ధంగా, సదుద్దేశంతో ఇలాంటి ఆయుధాన్ని నిర్మించగలదన్న అసలు భయం మాయమవుతుంది. మొదట ఈ పథకాన్ని గర్వంగా సమర్థించిన నిక్ ఫ్యూరీ మంచివాడిగానే మిగులుతాడు. హైడ్రాతోపాటు ‘షీల్డ్’ సంస్థ కూడా పోవాలని కథానాయకుడు పట్టుబట్టడం మెచ్చదగినదే. కానీ ఆ తీర్మానంపై ఆలోచన సాగేలోపే చివరి అంకం పేలుళ్లలో, పాత స్నేహితుడితో భావోద్వేగ పోరులో కొట్టుకుపోతుంది. 2016 నాటి తరువాతి భాగంలోనైతే ఇదే వీరుడు తన బృందంపై ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణను తిరస్కరిస్తాడు. జవాబుదారీ లేని అధికారాన్ని ఎదిరించినవాడే దాన్ని తనకోసం కోరుకున్నాడు.

ఈ లోపం మనకు కొత్తది కాదు. ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలతో 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 1996లో సుప్రీంకోర్టు ట్యాపింగ్‌కు నిబంధనలు విధించినా, ఆదేశించే అధికారాన్నీ సమీక్షించే బాధ్యతనూ ప్రభుత్వ అధికారులకే వదిలింది. న్యాయమూర్తి ముందస్తు అనుమతి అక్కర్లేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. అయినా 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఆ పాత అధికారాన్ని నిలబెట్టింది. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో వాదోపవాదాలన్నీ విన్నదెవరు, విన్నదెవరిని అన్న చుట్టూనే తిరిగాయి. వినగలిగే అధికారానికి హద్దు ఎక్కడ అన్న చర్చ పక్కకు పోయింది. ప్రతిపక్షంలో ఉండగా నిఘాను నిరసించిన పార్టీ, గద్దెనెక్కాక ఆ మీటను విరిచివేసిన ఉదాహరణ నాకు కనబడలేదు.

హైడ్రా ఉంటే వెతికి పట్టుకోవచ్చు. మనకు దానికంటే కష్టమైన పని ఉంది: మనం ఓటేసిన, మనం నమ్మే ప్రభుత్వం చేతిలో కూడా ఏయే అధికారాలు ఉండకూడదో చట్టంలో రాయించుకోవడం.