ఏనుగుకు నెమలి పింఛమా?

మా మనవరాలికి ఏడేళ్లు. ఓ రోజు తిరుచానూరులో మా ఇంటి అరుగు మీద బోర్లా పడుకుని బొమ్మ గీసింది. ఏనుగు తొండం, మేక కాళ్లు, వెనక విప్పుకున్న నెమలి పింఛం. పేరు ‘ఏనెమలి’ అట! మర్నాడు బడికి తీసుకెళ్తే టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేసి, ‘జంతువును సరిగా గీయాలి’ అని రాసి పంపింది. ఆమెనని ఏం లాభం, నేను మాత్రం తక్కువ తిన్నానా? ‘ఇట్లాంటిది యాడైనా ఉంటాదా పాపా?’ అనేశాను. పిల్ల మారు మాట్లాడలేదు. పది రోజులు రంగు పెన్సిళ్ల డబ్బా మూత తీయలేదు.

ఇంతలో కార్తీక బ్రహ్మోత్సవాలొచ్చాయి. ఆరో రోజు రాత్రి అమ్మవారిది గరుడవాహనం. వాహనం దగ్గరికి రాగానే అందరం చేతులెత్తి మొక్కుతున్నాం. పిల్ల నా కొంగు లాగింది. ‘అవ్వా, ఈయనకు మనిషి చేతులుండాయి, రెక్కలుండాయి, ముక్కేమో పక్షిది. మరి ఈయన్ను తప్పని కొట్టెయ్యరా?’

నాకు నోట మాట రాలేదు. గుడి స్తంభాల మీద సింహం ఒంటికి ఏనుగు తొండం పెట్టి యాళిని చెక్కితే కళ్లకద్దుకుంటాం. విజయనగరాన్ని ఏలిన అచ్యుతదేవరాయలు రెండు తలల గండభేరుండాన్ని ఏకంగా నాణేల మీదే ముద్రించాడు. మన పిల్ల కాగితం మీద గీస్తే మాత్రం ‘పిచ్చి గీతలు’!

ఒరియాలో సరళదాసు 15వ శతాబ్దంలో రాసిన మహాభారతంలో నవగుంజరం అనే జంతువుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక... ఒక కాలికి బదులు మనిషి చెయ్యి, అందులో తామరపువ్వు. అర్జునుడు దాన్ని చూసి బాణం వేయబోయాడు. ఆ పువ్వు చూశాక, వచ్చింది కృష్ణుడని గుర్తుపట్టి విల్లు దించాడు. ఎర్ర పెన్ను పట్టే ముందు మనమూ ఆపాటి ఆగి చూడలేమా?

అంతెందుకు, బాతు మూతి, బొచ్చు ఒళ్లు ఉండి గుడ్లు పెట్టే ప్లాటిపస్ ఆస్ట్రేలియాలో నిజంగానే ఉంది. 1799లో దాని చర్మాన్ని మొదటిసారి పరిశీలించిన ఇంగ్లండు శాస్త్రవేత్త, ఎవరో కుట్టి అతికించారేమోనని అనుమానపడ్డాడు!

పరీక్షలో ఏనుగు బొమ్మ అడిగితే ఏనుగునే గీయాలి, కాదనను. కానీ రెండు జంతువులను కలపాలంటే ముందు ఆ రెంటినీ బాగా చూసి ఉండాలి గదా. మేక గిట్ట చీలి ఉంటుందని మా పిల్ల గమనించింది. నేను అరవై ఏళ్లుగా మేకల్ని చూస్తున్నా, ఆ బొమ్మ చూశాకే నాకు ఆ సంగతి తోచింది. అలాగని అతిగా మెచ్చుకుని వెంటనే పోటీలకు పంపడమూ నాకు నచ్చదు. ఆట కాస్తా హోంవర్కవుతుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నేనే అడిగాను, ‘మీ ఏనెమలి ఏం తింటాదే?’ అని. అనుమానంగా చూసింది. తర్వాత మెల్లిగా చెప్పింది. చెరుకు తింటుందట. వానొస్తే పింఛం గొడుగవుతుందట. ‘అలిపిరి మెట్లెక్కుతాదా?’ అన్నాను. ‘మేక కాళ్లు గదా అవ్వా, ఎందుకెక్కదూ!’ అంది. డబ్బా మూత తీసింది.

పింఛం నలక్కుండా అది కూర్చునేదెట్లా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. రెండు రోజులుగా ఇద్దరం ఆలోచిస్తున్నాం.